గని దావలో నాయన వెనకాల

మా అమ్మ మొక్కుకునింది. అంతా దాంతోనే మొదలైంది.

మేము బైబిలు సంకలో పెట్టుకొని గుడికి పోయేవాళ్ళం. మాలో మొక్కుల్లేవు, ముడుపుల్లేవు. కానీ మా చుట్టూ ఉండేవాళ్ళంతా తలనీలాలిస్తామనీ, పొర్లుదండాలు పెడతామనీ దేవుళ్ళకు మాటలిచ్చే రకమే. ఆ అలవాటు మా అమ్మకు ఎప్పుడో ఒంటబట్టింది. నా బిడ్డ నెలలు నిండకముందే పుట్టి, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో పడుకోనుంటే, మా అమ్మ వరండాలో మోకాళ్ళూని, "ప్రభువా, ఈ బిడ్డ బతికి ఇల్లు చేరితే, ఏడాది తిరక్కముందే మా గడప కాడ్నించి ఈ ఆసుపత్రి గుడి దాకా చక్రమెక్కకుండా నడిచొచ్చి నీ ముందర పెడతాము" అనేసింది. బిడ్డ బతికింది. ఇంక మా అమ్మను ఆపేదెవరు?

మా పాస్టరు అయ్యగారు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, మన దేవుడు ఇట్లాంటివి అడగడమ్మా. బస్సులో పోయి ప్రార్థన చేసుకొని రండి, చాలు."

"ఆయన అడగలేదు అయ్యగారూ, నేనే ఇచ్చినాను మాట. ఇచ్చినాక యెనక్కి తీసుకుంటారా?" అని మా అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు మొక్కుకుంటే నువ్వు నడువు. పాలు తాగే బిడ్డను ఎందుకు తిప్పేది ఎండకూ వానకూ?" అంటే, "బిడ్డ కోసం మొక్కిన మొక్కు బిడ్డ లేకుండా తీరుస్తారా యాడన్నా? నీకేమన్నా మతుండాదా?" అని నా మీదే ఎగిరింది. మా ఆయన బెంగుళూరులో బిల్డింగు పనుల్లో ఉండాడు. పక్కింటి ఫోన్లో మొరపెట్టుకుంటే, "మీ అమ్మతో గెలిచేవాడు ఇంకా పుట్టలేదు, నన్నిడిసిపెట్టు తల్లీ" అని పెట్టేసినాడు.

నా భయం నడకంటే కాదు. దావంటే.

మా ఇల్లు కుప్పం అవతల, కర్ణాటక బార్డరు కాడ, బంగారు గని లైన్లలో ఉండేది. లైన్లంటే గనిలో పనిచేసేవాళ్ళకు కట్టిచ్చిన ఇండ్లు, రేకుల కప్పులు, వరసకు ఒకటే గోడ. గని మూసేసినారు. మూసేసిన రెండో వానకాలానికి లైన్ల కాడికొచ్చే రోడ్డులో వాగు మీది మోరీ కొట్టుకుపోయి, మనిషి కూడా దాటలేని గండి పడింది. మళ్ళీ కట్టేదానికి ఎవరికి పట్టింది? బస్సు రావడం మానేసింది. నడిచి పోవాలంటే గని గుట్టల వెంబడే, పాత తవ్వకాలన్నీ దాటుకొని, రామకుప్పం పక్క తారురోడ్డు పట్టుకోవాల. ఆడ్నించి వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె. బస్సులో పోతేనే నడుములు పడిపోయే దూరం.

రోడ్డు సంగతి సరే. ఆ గుట్టల్లోనే ఉండేది మాకు ప్రాణగండం.

గని నడిచేటప్పుడు ప్రతి గుంత చుట్టూ ఇనపకంచె, వాచ్‌మన్ను, ఎర్రబోర్డు ఉండేవి. మూసేసినాక కంచెలు పాతసామాన్లోళ్ళ బండ్లెక్కినాయి. బోర్డులు వంటచెరుకైనాయి. గుంతలు మాత్రం యాడుండేవి ఆడే ఉండాయి. అంతకన్నా పాతవి, మా తాతల నాటివి, ఇంకా ఉండాయి. వాటి మీద అప్పుడెప్పుడో దుంగలు పరిచి మట్టి కప్పేసినారంట. పైన గడ్డి మొలిచింది, తంగేడు మొలిచింది. కింద దుంగలు పుచ్చిపోయినాయి. సూస్తే మామూలు నేలే. మా వరసలో ఒకామె మేక అట్లాంటి తావులోనే మేస్తా మేస్తా మాయమైంది. అది కింద్నించి అరుస్తానే ఉండె. తాడేసి తీద్దామని పోయినోళ్ళు ఆ నేల మీద కాలు పెట్టలేక తిరిగొచ్చినారు. అరుపు ఆగిపోయే దాకా ఆ పక్కకు మేమెవ్వరమూ నీళ్ళకు పోలేదు. బిడ్డను ఎత్తుకొని ఆ నేల మీద నేనెట్ల నడిచేది?

"మీ నాయనుండాడు కదా, నీకేం భయం?" అనింది మా అమ్మ.

ఆ మాటకు నేను బిడ్డ గుడ్డలు మూట కట్టినాను. ఎందుకంటే అది మా లైన్లలో అందరూ ఒప్పుకునే మాట.

మా నాయన గనిలో డ్రిల్లు మిషను పట్టిన మనిషి. బండలో బొక్కలేసి మందు కూరే పని. పేల్చినాక, అందరికన్నా ముందు లోపలికి పోయి, పొడుగు గడ్డపారతో పైకప్పు బండను తట్టి సూసేదీ ఆయనే. బండ గట్టిదైతే ఖంగుమంటాది. లోపల పగులుంటే డొబ్బుమంటాది. ఆ చప్పుడు ఇని "రాండి" అంటేనే మిగతావాళ్ళు కాలు కదిపేది. గని మూసినాక ఆ పద్ధతే గుట్టల్లో నడిచేదానికి వచ్చింది. పెండ్లికి పోయినా, పీనుగును మోసినా, డ్రిల్లు పట్టిన మనిషి గడ్డపారతో నేలను తట్టుకుంటా ముందర పోవాల, మిగతావాళ్ళు వరసగా ఆయన అడుగులోనే అడుగెయ్యాల. మా నాయన ముందర నడిస్తే ఎవురికీ గుండె దడ ఉండేది కాదు. ఆయనకదే గర్వం. పని పోయినాక ఆయనకు మిగిలింది అదొక్కటే.

తెల్లారుతాంటే బయలుదేరినాము. ముందర గడ్డపారతో నాయన, ఆయన వెనకాల అమ్మ, అమ్మ వెనకాల నేను. బిడ్డను పాతచీరతో ఎదకు కట్టుకున్నాను. చారెడంత మనిషి, మెత్తగా నిద్రపోతాంది. దాని ఊపిరి నా మెడకు తగుల్తాంటే, ఆ ఊపిరి కోసం అద్దాలపెట్టె ముందర కూర్చున్న దినాలు గుర్తొచ్చేవి.

మొదట మట్టిదిబ్బలు. బంగారం తీసేసినాక పారబోసిన మట్టి, ఇంత ఎత్తున, బూడిదరంగులో. అందులో విషముండాదని మాకు చిన్నప్పట్నించీ చెప్పేవాళ్ళు. వాన నీళ్ళు దిబ్బల కాడ తెల్లగా నిలిచుండాయి. అవి తాగిన గొడ్లు మళ్ళీ లేచిందిలేదు. బిడ్డ మొగానికి కొంగు కప్పి, నా కాళ్ళకు ఆ నీళ్ళు తగలకుండా గెంతుకుంటా పోయినాను. మా అమ్మ కీర్తన పాడతా ఉండె. మామూలుగా పాడేదానికన్నా పైకి పాడతాంది. దానికీ భయమే, నాకు తెలుసు. అడిగితే ఒప్పుకుంటాదా?

దిబ్బలు దాటినాక పెద్ద షాఫ్ట్ వచ్చింది. లోపలికి మనుషుల్ని దించే బొక్క. పైనుండే ఇనప కట్టడమంతా ఎత్తుకుపోయినారు, నోరు తెరుచుకోనుండాది. దాంట్లోనుంచి సల్లగా, తడిగా గాలొస్తాంది. మా నాయన ఒక్క నిమిషం నిలబడి దానికి దండం పెట్టినాడు. ఎన్నేండ్లు దిగినాడో అందులో! నేను అటు సూడలేకపోయినాను. బిడ్డ చీరలోంచి జారి అందులో పడిపోయినట్టు ఒకటే ఊహ. ముడి తడిమి సూసుకున్నాను, మళ్ళీ తడిమినాను. "ఏమే, ఆ ముడిని నువ్వే ఊడదీసేటట్టుండావు" అని అమ్మ కసిరింది.

దాని తర్వాతే దావ పోయింది. వానకు గట్టు జారి, కాలిబాటంతా మట్టి కింద పూడిపోయింది. ముందర తంగేడు చెట్లు, రాళ్ళు, అక్కడక్కడ పచ్చగడ్డి. యాడ గట్టినేలో, యాడ దుంగల కప్పో సూసి చెప్పే దారే లేదు.

నాయన గడ్డపార ఎత్తి తట్టినాడు. గట్టినేల చప్పుడే వచ్చింది. "రాండి" అన్నాడు. పోయినాము. మళ్ళీ తట్టినాడు, మళ్ళీ అట్లే. "రాండి."

ఇంకోసారి తట్టినాడు. ఈసారి చప్పుడు వేరేగా వచ్చింది. డొబ్బుమని, ఖాళీ బాన మీద కొట్టినట్టు, కింద్నించి.

"రాండి," అన్నాడు నాయన. ముందరికి అడుగేసినాడు.

ఆ డొబ్బు చప్పుడు నాకు ఇనపడింది. అయినా సూడండి, నా చెవి మీద నాకు నమ్మకం లేదు. నాయన తప్పు చేస్తాడా? గని మనిషి కదా, ఆయనకు తెలియందా, ఇదొక రకం గట్టినేలేమో అనుకున్నాను. అనుకుంటానే కాలు మాత్రం ఎత్తలేకపోయినాను. నా ముందర అమ్మ కూడా ఆగిపోయింది. ఆయన ఇంకో అడుగేసి మళ్ళీ తట్టినాడు. మళ్ళీ డొబ్బుమనింది, ముందరికన్నా లోతుగా.

"నాయనా!" అని అరిచినాను.

తిరగలేదు.

"నాయనా, నిలబడు!" గొంతు సించుకున్నాను. బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపందుకునింది. మేమిద్దరమూ అట్ల గోల పెడతాంటే, పది అడుగుల దూరంలో ఉండే మనిషి తలకాయ కూడా తిప్పలేదు. నింపాదిగా గడ్డపార ఊపుకుంటా పోతానే ఉండాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఎట్లా తెలీకుండా పోయిందని మీరు అడగొచ్చు. మా లైన్లలో అందరూ అరిచే మాట్లాడతారు. డ్రిల్లు మోతలో బతికిన మొగోళ్ళు అరుస్తారు, వాళ్ళకు ఇనపడాలని ఆడోళ్ళు అరుస్తారు, ఆడోళ్ళను సూసి పిల్లోళ్ళు అరుస్తారు. కుప్పం సంతకు పోతే అంగడోళ్ళు "ఎందుకప్పా కొట్లాడతాండారు?" అని అడిగేవాళ్ళు. అది మా మాటతీరు అనుకునేవాళ్ళం. ఎదురుగ్గా నిలబడి, మొగం సూస్తా, అరిచి చెప్తే మా నాయన అన్నిటికీ జవాబిచ్చేవాడు. వెనకాల్నించి పిలిస్తే పలకడు. పరాకు మనిషి అని నవ్వుకునేవాళ్ళం.

నేను అమ్మ రెక్క పట్టుకొని ఊపేసినాను. "నాయనకు ఇనపడదు! నీకు తెలుసా?"

అమ్మ మొగం సున్నం కొట్టినట్టయింది. "తెలుసు," అనింది. "చెవులు పోయి శానా ఏండ్లయింది. ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టిచ్చుకున్నాడు. తెలిస్తే గనిలోంచి తీసేస్తారని."

"తెలిసి నా బిడ్డను ఆయన వెనకాల తెచ్చినావా?"

"చేతికి తెలుస్తాదన్నాడే! చెవి లేకపోయినా గడ్డపార అదురు చేతికి తెలుస్తాదని చెప్పినాడు. ఇన్నేండ్లూ తెలిసింది కదే, ఒక్క మనిషికి ఏమీ కాలేదు కదే..." అని మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

లోపల బండల్లో తెలిసిందేమో. వానకు నానిన మట్టిలో ఏ అదురు వస్తాది చేతికి?

ఆయన అవతలికి అవతలికి పోతాండాడు. పిలిస్తే ఇనపడదు. పోయి పట్టుకుందామంటే ఆ డొల్లనేల మీద బిడ్డతో కాలు పెట్టాల. అమ్మ చేతికి బిడ్డనిచ్చి పోదామంటే, ఇద్దరి బరువుకు ఆ కప్పు కూలితే నాయనా పాయె, నేనూ పాయె. నా బిడ్డకు పాలెవురిస్తారు? సిగ్గు లేకుండా చెప్తాండాను, ఆ నిమిషంలో నేను నా బిడ్డ తల్లినే. నాయన కూతుర్ని కాను.

వంగి రాయి తీసుకున్నాను. విసిరినాను. పక్కన పడింది. ఆయనకు తెలీలేదు. ఇంకోటి తీసి, నా బలమంతా పెట్టి విసిరినాను. వీపు మీద తగిలింది.

"ఎవురా అది!" అని గర్జిస్తా తిరిగినాడు. నా చేతిలో ఇంకో రాయి ఉండాది. కన్నకూతురు రాయి పట్టుకోనుంటే ఆయన సూసినాడు. ఆయన మొగం ఎట్లా మారిందో ఇప్పటికీ నా కండ్ల ముందరే ఉండాది.

వెనక్కి రమ్మని చెయ్యూపినాను. నేల సూపించి, కాదని తలాడించినాను. ఆయనకు అర్థమైంది. అర్థమై, కోపం వచ్చింది. "నాకు చెప్తాండావా? నాకా? సూడు, ఎంత గట్టిగా ఉండాదో!" అని గడ్డపారను రెండు చేతులా ఎత్తి, కాళ్ళ ముందర దబ్బున దించినాడు.

గడ్డపార లోపలికి దిగిపోయింది. ఆయన చేతుల్లోంచి జారి, నేల మింగేసింది.

చప్పుడు నేనిన్నాను. అమ్మ ఇనింది. ఇనుము రాళ్ళకు తగుల్తా, ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటా కిందికి కిందికి పోతానే ఉండాది. ఆఖర్న నీళ్ళల్లో పడినట్టు ఏదో ఇనపడింది. నాయన మాత్రం ఉత్త చేతులు సూసుకుంటా నిలబడుండాడు. ఆ బొక్కలోకి కాదు సూసింది, మా మొగాల్లోకి. ఎంత లోతో మా మొగాలే ఆయనకు చెప్పినాయి.  

పడుకోమని సైగ చేసినాను. బోర్లా పడుకున్నాడు. మోచేతుల మీద, పసిబిడ్డలు పాకినట్టు, కొంచెం కొంచెంగా వెనక్కి జరిగినాడు. ఆయన జరిగిన తావులో మట్టి సన్నగా బొక్కలోకి రాలతాంది. అమ్మ కండ్లు మూసుకొని ప్రభువా ప్రభువా అంటాంది. నేను కండ్లు మూసుకోలేదు. రెప్పేస్తే ఆయన ఉండడేమోనని భయం. చేతికందే దూరానికి వచ్చినాక మేమిద్దరమూ రెక్కలు పట్టి ఇవతలికి లాగినాము. ముగ్గురమూ మట్టిలో కూలబడిపోయినాము. బిడ్డ ఏడ్చి ఏడ్చి నా ఎద మీదే మళ్ళీ నిద్రపోయింది.

 తిట్టే ఓపిక నాకు లేదు. ఒక ఎండుకట్టె ఇరిచి తీసుకొని నేను లేచినాను. ఇంక నేను ముందర నడిచినాను, బిడ్డను అమ్మకిచ్చి. కట్టెతో తట్టేది, ఇనేది, అడుగేసేది. ఏ చప్పుడు మంచిదో ఏది చెడ్డదో నాకెవురు నేర్పించినారు? ప్రతి అడుక్కీ నా చెవే అబద్ధం చెప్తాందేమోనని భయం. గాలికి తంగేడు ఊగినా ఆగిపోయేదాన్ని. వెనక్కి తిరిగి సూస్తే, నాయన నా అడుగులోనే అడుగేసుకుంటా, తల వంచుకొని వస్తాండాడు. రామకుప్పం పక్క తారురోడ్డు కనిపించేసరికి నా రవిక తడిసి ఒంటికి అంటుకుపోయింది. రోడ్డు మీద కూర్చొని ఆ తారును అరచేత్తో తట్టి సూసినాను. పిచ్చిదాన్ననుకున్నా సరే.

రోడ్డెక్కితే భయం పోతాదనుకున్నాను. యాడ పోతాది! వెనకాల్నించి లారీ హారన్ కొడితే మేము పక్కకు తప్పుకుంటాము, నాయన తప్పుకోడు. వి.కోట దాటినాక ఒక టమాటా లారీ ఆయన చొక్కా రాసుకొని పోయింది. డ్రైవరు తల బయటపెట్టి నోటికొచ్చింది తిట్టినాడు. పాపం, ఆ తిట్లు కూడా ఆయనకు ఇనపడలేదు. అప్పట్నించి ఆయన్ను రోడ్డంచు మట్టిదావలోకి నెట్టి, బండ్లు పోయే పక్క నేను నడిచినాను.

బైరెడ్డిపల్లెలో గుడి కాడ అన్నం పెట్టి, రాత్రికి పడుకోనిచ్చినారు. పలమనేరు కాడికి అమ్మ కాళ్ళు బొబ్బలెక్కినాయి. "బస్సెక్కుదామా అమ్మా?" అంటే, "చక్రమెక్కనని చెప్పినానే" అని మళ్ళీ అదే పాట. పుంగనూరు దాటేసరికి నా నడుము నాది కాదు. అమ్మ ఎత్తుకోలేక, నేను ఎత్తుకోలేక, బిడ్డను మార్చుకుంటా మార్చుకుంటా పోతాండాము. నాయన చేతులు ఖాళీగానే ఉండాయి. ఇంటికాడ బిడ్డను దించేవాడే కాదు ఆయన. ఈ దావలో ఒక్కసారి కూడా "నాకియ్యి" అనలేదు. నేనూ ఇయ్యలేదు. ఇచ్చేదానికి నాకు చెయ్యి రాలేదు, అంతే.

మదనపల్లె వచ్చింది. బస్టాండు కాడ రోడ్డు దాటితే ఆసుపత్రి దావ. బస్సులు, ఆటోలు, లారీలు, టమాటా మండీకి పోయే బండ్లు, హారన్ల గోల. నాకు తల తిరిగిపోయింది. ఎదురుగ్గా నాయన. ఎన్నడూ లేనంత ముసిలోడై కనిపించినాడు. నేను ఆయన్ను రాయితో కొట్టిన కూతుర్ని. ఏమనిపించిందో నాకు, ఎదమీద ముడి ఇప్పి, బిడ్డను రెండు చేతులా ఆయన ముందరికి సాచినాను. "నాయనా, నువ్వెత్తుకో. నువ్వే గుళ్ళోకి తీసకపో."

ఆయన చేతులు వెనక్కి తీసేసుకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "నాకు బండ్లు ఇనపడవు."

మెల్లగా అన్నాడు, అరవకుండా. ఆ గోలలో ఆయన మాట ఇనేదానికి నేను దగ్గరికి వంగాల్సొచ్చింది. ఇన్నేండ్లూ గనిలో, ఇంట్లో, లైన్లలో దాచుకున్న మాటను నడిరోడ్డు మీద, నా బిడ్డ కోసం, తనే చెప్పేసినాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకునింది.

బిడ్డను మళ్ళీ ఎదకు కట్టుకున్నాను. ఒక చేత్తో దాన్ని అదుముకొని, ఇంకో చేత్తో నాయన చెయ్యి పట్టుకున్నాను. అది గడ్డపార పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి. చిన్నబిడ్డ చెయ్యి మాదిరి నా చేతిలో పెట్టి, నేను ఎప్పుడు కదుల్తానా అని నా మొగమే సూస్తా నిలబడినాడు. ఇద్దరి ప్రాణాలూ నా చెవుల మీదే ఉండాయి. ఆ గని గుంత ముందర కూడా నేను అంత భయపడలేదు.